మూగ కార్టూన్లలో జంతువులు: గర్టీ, క్రేజీ, ఫెలిక్స్, ఆస్వాల్డ్

మా పదో తరగతి ఇతిహాసం పుస్తకంలో వినోద మాధ్యమాల గురించి ఒక పాఠం ఉంది. కీలుబొమ్మలు, నాటకం, సినిమా అన్నీ అందులో వస్తాయి. ఆ పాఠం అయిపోయాక సార్ మమ్మల్ని ఒక్కొక్కరు ఒక్కో విషయం తీసుకొని రాయమన్నారు. చాలామంది దాదాసాహెబ్ ఫాల్కే గారిని తీసుకున్నారు. ఆయన మన మహారాష్ట్రవారే, త్ర్యంబకేశ్వర్‌లో పుట్టారు, అందుకని అది సహజమే. నేను మాత్రం మూగ సినిమాల కాలంలో వచ్చిన కార్టూన్లను, వాటిలోని జంతువులను తీసుకున్నాను. "ఇతిహాసంల పిల్లి గురించి రాస్తవా?" అని దోస్తులు నవ్విండ్రు. రాస్తాను. ఆ పిల్లిని మొదట గీసింది ఎవరు అన్నదాని మీద అమెరికావాళ్ళకూ ఆస్ట్రేలియావాళ్ళకూ మధ్య వాదన జరిగింది. ఒక బొమ్మ కోసం ఇంత వాదన ఎందుకో తెలుసుకోవాలంటే ఆ జంతువులను పక్కపక్కన పెట్టి చూడాలి.

మన కథల్లో జంతువులకు నోరు ఎక్కువ. చిన్నయసూరి గారి నీతిచంద్రిక 1853లో అచ్చయింది. అందులో కరటకుడు, దమనకుడు అనే రెండు నక్కలు ఎంతసేపూ మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఎలుక హిరణ్యకుడు, పావురాల రాజు చిత్రగ్రీవుడు కూడా అంతే. వాళ్ళ తెలివంతా మాటల్లోనే ఉంది. దమనకుడి నోరు కట్టేస్తే మిత్రభేదం కథే నడవదు. మూగ కార్టూన్లో పరిస్థితి దీనికి తలకిందులు. ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ అనే ఆయన 1908లో ఫాంటాస్మగోరీ అనే చిన్న గీతల సినిమా తీశాడు. అక్కడి నుంచి 1928 దాకా ఇరవై ఏండ్లు చాలావరకు బొమ్మలకు గొంతు లేదు. థియేటర్లో ఎవరో పియానో వాయిస్తారు, మధ్యలో తెర మీద నాలుగు మాటలు రాసిన కార్డు వస్తుంది, అంతే. అట్లాంటప్పుడు ఫలానా జంతువు మంచిదా, మొండిదా, జిత్తులమారిదా అన్నది చూసేవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? నేను పోల్చి చూసింది ముఖ్యంగా ఇదే.

ఈ సినిమాలు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేను ఫోన్లోనే చూశాను. మా బాపు బొగ్గు గనిలో పని చేస్తాడు. నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో పగలు పడుకుంటాడు, అప్పుడు ఇంట్లో చప్పుడు చేయొద్దు. కాబట్టి సౌండ్ పూర్తిగా బంద్ చేసి చూశాను. ఇప్పుడు వాటికి ఎవరెవరో కొత్తగా సంగీతం పెట్టి ఎక్కిస్తున్నారు. అది లేకుండా చూడటమే మంచిదయింది. మా చెల్లె, పక్కింటి మరాఠీ పాప కూడా వచ్చి కూర్చున్నారు. పాపకు తెలుగు రాదు, చెల్లెకు మరాఠీ సగమే వచ్చు. కానీ ఇద్దరూ ఒకేచోట నవ్వారు. గర్టీ ఏడ్చినప్పుడు ఇద్దరూ ఒకేసారి "అయ్యో" అన్నారు. రంగులున్న కార్టూన్లు చూసే పిల్లలకు వందేండ్ల కిందటి గీతలు నచ్చవేమో అనుకున్నాను గాని, నచ్చినయ్.

గర్టీ కంటే ముందు రెండు మాటలు పురుగుల గురించి. గర్టీని గీసిన విన్సర్ మెకే 1912లోనే ఒక దోమ సినిమా చేశాడు. టోపీ పెట్టుకున్న దోమ, నిద్రపోతున్న మనిషి రక్తం తాగి తాగి చివరికి పగిలిపోతుంది. వానాకాలంలో చంద్రపూర్‌లో ఉండేవాళ్ళకు ఆ కథ విడిగా చెప్పక్కర్లేదు. అదే 1912లో రష్యాలో లాడిస్లాస్ స్టారెవిచ్ అనే ఆయన చచ్చిపోయిన పేడపురుగుల్లాంటి పెద్ద పురుగులను తీసుకొని, వాటి కాళ్ళకు సన్నటి తీగలు పెట్టి, కొంచెం కొంచెం కదిలిస్తూ ఒక్కో ఫొటో తీసి సినిమా చేశాడు. అందులో మిడత కెమెరామన్! ఇవి శిక్షణ ఇచ్చిన నిజం పురుగులని అప్పట్లో కొందరు నమ్మారని చెప్తారు. పురుగు ముఖంలో మాత్రం ఏ భావమూ ఉండదు. నడక, చేతులు ఊపడం తప్ప దాని దగ్గర ఇంకేమీ లేదు. చూడటానికి వింతగా ఉంది గాని, ఏ పురుగు మీదా నాకు ప్రేమ పుట్టలేదు.

గర్టీ మీద మాత్రం పుట్టింది. గర్టీ ఒక డైనోసార్, ఆడది. మెకే పేపర్లలో బొమ్మలు వేసే పేరున్న చిత్రకారుడు, స్టేజీ మీద ప్రదర్శనలు కూడా ఇచ్చేవాడు. 1914 ఫిబ్రవరిలో చికాగోలో గర్టీని మొదటిసారి చూపించాడు. ఇప్పటిలాగా సినిమా వేసేసి కూర్చోవడం కాదు. తెర పక్కన ఆయన కొరడా పట్టుకొని నిలబడి సర్కస్‌వాడిలాగా ఆజ్ఞలు ఇస్తాడు. తెర మీద గర్టీ వింటుంది. జనానికి వంగి దండం పెట్టమంటే పెడుతుంది, కాలు ఎత్తమంటే ఎత్తుతుంది. ఒకసారి ఎదురు తిరిగి ఆయన మీదికే నోరు తెరుస్తుంది. ఆయన గట్టిగా తిట్టగానే చిన్నపిల్లలాగా ఏడుస్తుంది. తర్వాత ఆయన తినడానికి ఏదో విసిరినట్టు చేస్తే అది తెరలో వచ్చి పడుతుంది, గర్టీ మింగేస్తుంది. చెరువు మొత్తం తాగేస్తుంది. జంబో అనే మామత్ ఏనుగును తోక పట్టి నీళ్ళలోకి గిరాటేస్తుంది. చివర్లో మెకే తెర వెనక్కి పోతాడు, అదే క్షణంలో తెర మీద చిన్న మెకే బొమ్మ వస్తుంది, గర్టీ ఆయన్ను ఎక్కించుకొని వెళ్ళిపోతుంది.

దీని వెనక చాకిరీ ఎంతో ఉంది. అప్పటికి పారదర్శకంగా ఉండే సెల్ రేకులు ఇంకా వాడకంలోకి రాలేదు. ఆ పద్ధతి పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టిందే 1914 చివర్లో. అందుకని పలుచని రైస్ పేపర్ మీద వేల బొమ్మలు గీయాలి. గర్టీ ఒక్క అడుగు కదిలినా వెనక ఉన్న కొండలు, చెట్టు, చెరువు మళ్ళీ మొదటి నుంచి గీయాలి. ఆ వెనక భాగాన్ని జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే యువకుడు ప్రతి కాగితం మీదా దిద్దాడు. గర్టీ ఊపిరి తీస్తున్నట్టు కనపడాలని మెకే తన ఊపిరికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి లెక్క చూసుకున్నాడట. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. గర్టీ ఏ పనీ చేయకుండా నిలబడినప్పుడు కూడా దాని పొట్ట కదులుతుంది. బతికి ఉన్నట్టే ఉంటుంది.

గర్టీ గుణం అంతా మాట వినడానికీ వినకపోవడానికీ మధ్యలో ఉంది. అది పెంపుడు జంతువు, దానికి ఒక యజమాని ఉన్నాడు. యజమాని లేకపోతే గర్టీకి కథ లేదు. పాపం మెకేకూ ఒక యజమాని ఉన్నాడు. ఆయన పని చేసే పేపర్ల అధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్‌కు తన చిత్రకారుడు ఊరూరా స్టేజీలు ఎక్కడం నచ్చలేదు. 1914లోనే బయటి ఊళ్ళ ప్రదర్శనలు ఆపించి, సంపాదకీయం పక్కన వేసే బొమ్మలు గీయమని కూర్చోబెట్టాడు. ఇప్పుడు మనం చూసే గర్టీ సినిమాలో మెకే మాటలు కార్డుల మీద వస్తాయి. స్టేజీ మీద నిలబడి ఆయన పిలిచిన పిలుపు అందులో లేదు. అంటే మనం చూసేది సగం గర్టీనే.

రెండో జంతువు క్రేజీ క్యాట్. ఇది మొదట సినిమా కాదు, పేపర్లో వచ్చే బొమ్మల కథ. జార్జ్ హెరిమన్ 1913 నుంచి 1944లో చనిపోయేదాకా గీశాడు. ఎడారిలాంటి ఊరు. నల్లపిల్లి క్రేజీకి తెల్ల ఎలుక ఇగ్నాట్జ్ మీద ప్రేమ. ఎలుక దాని తల మీద ఇటుక విసురుతుంది. తనకు ప్రేమతో పంపిన బహుమానం అనుకొని పిల్లి మురిసిపోతుంది. పోలీసు కుక్క ఎలుకను జైల్లో వేస్తుంది, దానికేమో పిల్లి మీద ప్రేమ. మూడు జంతువుల మధ్య రోజూ ఇదే కథ, ముప్పై ఏండ్లు.

1916లో హర్స్ట్ కంపెనీయే దీన్ని కార్టూన్ సినిమాలుగా తీసింది. వాటిని గీసింది హెరిమన్ కాదు, వేరేవాళ్ళు. నేను చూసినవాటిలో క్రేజీ తేలిపోయింది. పేపర్లో క్రేజీది ఒక వింత భాష, అక్షరాలు తప్పుగా, రెండు మూడు యాసలు కలిసి వస్తాయి. మాటలు బుడగల్లో రాసి ఉంటాయి, మనం తీరిగ్గా చదువుకోవచ్చు. సినిమాలో కూడా అవే బుడగలు పెట్టారు. కానీ చదవడానికి బొమ్మ ఆగాలి, బొమ్మ ఆగితే అది సినిమా ఎట్లయితది? ఇటుక ఒక్కటే మిగిలింది. 1925లో మళ్ళీ వచ్చిన క్రేజీ సినిమాల్లోనైతే అది క్రేజీలా కూడా లేదు, అప్పటికి బాగా నడుస్తున్న ఇంకో నల్లపిల్లికి నకలులా ఉంది. మాటల మీద బతికే జంతువును మూగ తెర మీదికి తెస్తే ఏమవుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది. మన దమనకుడికీ అదే గతి పట్టేది.

ఆ ఇంకో నల్లపిల్లి ఫెలిక్స్. 1919 నవంబర్‌లో న్యూయార్క్‌లోని పాట్ సలివన్ స్టూడియో నుంచి "ఫెలైన్ ఫాలీస్" అనే చిన్న కార్టూన్ వచ్చింది. అందులో పిల్లి పేరు మాస్టర్ టామ్. ఫెలిక్స్ అనే పేరు మూడో సినిమాకు గానీ రాలేదు. మొదటి సినిమా ముగింపు పిల్లలకు చూపించేది కాదు, అందుకే చెల్లెకు చూపించలేదు. కానీ అందులో ఒక చోట పాట పాడుతుంటే గాలిలోకి వచ్చిన సంగీతం గుర్తులను పట్టుకొని వాటితో పిల్లులు బండి చేసుకుంటాయి. చప్పుడే లేని సినిమాలో చప్పుడు ఒక వస్తువైపోయింది! ఫెలిక్స్ సినిమాల్లో ఇదే పద్ధతి పెరిగింది. ఆశ్చర్యం వేస్తే తల మీద ఆశ్చర్యార్థకం పుడుతుంది, అనుమానం వస్తే ప్రశ్నార్థకం పుడుతుంది. ఫెలిక్స్ దాన్ని అందుకొని కొక్కెంలాగా వాడుకుంటాడు. మాకు తెలుగు టీచర్ విరామ చిహ్నాలకు మార్కులు తీసేస్తుంటే ఫెలిక్స్ వాటితోనే పని గడుపుకుంటున్నాడు.

ఫెలిక్స్‌లో ముఖ్యం నడక. చిక్కు వచ్చినప్పుడు చేతులు వెనక కట్టుకొని, తల వంచి, అటూ ఇటూ తిరుగుతాడు. ఆలోచిస్తున్నాడని మనకు తెలుస్తుంది. గర్టీకి కోపం ఉంది, ఏడుపు ఉంది, ఆకలి ఉంది, కానీ ఆలోచన చూపించలేదు. ఫెలిక్స్‌కు యజమాని ఉన్నా వాడి బుద్ధి వాడిదే. 1923లో వచ్చిన "ఫెలిక్స్ ఇన్ హాలీవుడ్" చూడండి. యజమాని దగ్గర డబ్బులు లేవు. చెప్పుల దుకాణం నడవడం లేదు. ఫెలిక్స్ ఏం చేశాడంటే, రోడ్డంతా చూయింగ్ గమ్ వేశాడు. జనం చెప్పులు అతుక్కుపోయినయ్, అందరూ వచ్చి కొత్తవి కొనుక్కున్నారు. డబ్బు వచ్చింది. యజమాని హాలీవుడ్‌కు పోతూ ఫెలిక్స్‌ను వదిలేసి పోదామనుకుంటే, వాడు తన ఒంటినే నల్లసంచిగా మార్చుకొని ఆయన చేతిలోనే ప్రయాణం చేశాడు. అక్కడ తోకను చేతికర్ర చేసుకొని చార్లీ చాప్లిన్‌లాగా నడిస్తే, చాప్లినే వచ్చి నా విద్య దొంగిలిస్తున్నావని గద్దిస్తాడు. ఇది ఉత్త జోకు కాదు. అంతకుముందు ఇదే స్టూడియోలో చాప్లిన్ మీద కార్టూన్లు చేశారు. ఆయన ప్రతి కదలికనూ పరిశీలించి గీసిన చేతులే తర్వాత ఫెలిక్స్‌ను గీసినయ్.

తోక గురించి ఇంకొంచెం చెప్పాలి. ఫెలిక్స్ తోక ఊడి వస్తుంది. కర్ర అవుతుంది, కొక్కెం అవుతుంది, ప్రశ్నార్థకం అవుతుంది. విదేశాల వాళ్ళు ఇది గొప్ప కల్పన అని రాస్తారు. మనకు మాత్రం తోకతో పని చేయించడం కొత్తేమీ కాదు. రావణుడి కొలువులో ఆసనం ఇవ్వకపోతే హనుమంతుడు తోకనే చుట్టగా చుట్టి, సింహాసనం కంటే ఎత్తుగా చేసుకొని కూర్చున్నాడని పెద్దలు చెప్పే కథ మనందరికీ తెలుసు. ఫాల్కే గారి "లంకాదహన్" 1917లో వచ్చింది, ఫెలిక్స్ కంటే రెండేండ్ల ముందు. అదీ మూగ సినిమాయే, కాకపోతే మనుషులు నటించింది. ఫాల్కే గారికి బొమ్మలను కదిలించడం కూడా వచ్చు. 1915లో అగ్గిపుల్లలను ఒక్కొక్కటిగా జరిపి ఫొటోలు తీసి "అగ్‌కాడ్యాంచీ మౌజ్" చేశారు. ఆయన అగ్గిపుల్లలకు బదులు ఒక కోతిని గీసి ఉంటే ఈ వ్యాసం వేరేగా ఉండేది. మన దేశంలో ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ జాతక కథ ఆధారంగా జింకల కార్టూన్ "ది బనియన్ డీర్" తీసింది 1957లో. అప్పటికి మూగ కాలం ఎప్పుడో పోయింది.

తెర మీద కదిలే హనుమంతుడు మాత్రం మన దగ్గర సినిమా కంటే ముందే ఉన్నాడు, తోలుబొమ్మలాటలో. తోలు బొమ్మకు మోచేయి దగ్గర, భుజం దగ్గర, మోకాలి దగ్గర కీళ్ళు ఉంటాయి. ముఖ్యమైన పాత్రకు ఒకే బొమ్మ సరిపోదు, సందర్భాన్ని బట్టి వేర్వేరు బొమ్మలు చేస్తారు. అనంతపురం వైపు నిమ్మలకుంట ఈ విద్యకు పేరున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నాకు సంతోషం వేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆంధ్రలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడతారట, తరాల కిందట ఇటునుంచి పోయినవాళ్ళు. వాళ్ళు ఇంట్లో మరాఠీ, ఆటలో తెలుగు. మేము ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. ఆ బొమ్మలకు మాట, పాట, మద్దెల అన్నీ ఉంటాయి కాబట్టి వాటిని మూగ కార్టూన్లతో సమానంగా పోల్చలేను. కానీ తాతల నాటి ఆ బొమ్మల మీద కూడా చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు.

పేరు మాట వచ్చింది కాబట్టి ఫెలిక్స్ అసలు తగాదాకు వస్తాను. సినిమా మొదట్లో తెర మీద కనిపించేది స్టూడియో యజమాని పాట్ సలివన్ పేరు. ఆయన ఆస్ట్రేలియా నుంచి అమెరికా వచ్చినవాడు. స్టూడియోలో కథ ఆలోచించి, బొమ్మ గీసి, మిగతావాళ్ళకు పని పంచింది ఒట్టో మెస్మర్. ఆయన పేరు తెర మీద లేదు. ఫెలిక్స్ బొమ్మలు, గడియారాలు, ఆటవస్తువులు దేశదేశాలకు అమ్ముడుపోయినయ్, హక్కులన్నీ సలివన్‌వి. 1933లో సలివన్ చనిపోయాడు. మెస్మర్ ఆ తర్వాత కూడా, 1954 దాకా, పేపర్లలో ఫెలిక్స్ బొమ్మల కథలు గీశాడు. వాటి మీద కూడా సలివన్ పేరే. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో కరెంటు బల్బులతో కదిలే పెద్ద ప్రకటన బోర్డులకు కూడా ఆయన బొమ్మలు గీసి ఇచ్చాడు. ఆ బోర్డుల కింద నిలబడి తల ఎత్తి చూసినవాళ్ళకు ఫెలిక్స్‌ను గీసిన చెయ్యి ఇదేనని ఎట్లా తెలుస్తుంది? జాన్ కేన్‌మేకర్ అనే కార్టూన్ చరిత్రకారుడు ముసలివాడైన మెస్మర్ దగ్గరికి వెళ్ళి మాట్లాడి, 1977లో ఆయన మీద ఒక సినిమా తీశాడు. మెస్మర్ 1983లో చనిపోయాడు.

ఆస్ట్రేలియాలో కొందరు దీన్ని ఒప్పుకోరు. 1917లోనే సలివన్ స్టూడియో థామస్ అనే పిల్లి మీద కార్టూన్ తీసిందని, "ఫెలైన్ ఫాలీస్"లో కనిపించే చేతిరాత సలివన్‌దని వాళ్ళ వాదన. అమెరికా వైపు సాక్ష్యం స్టూడియోలో పని చేసినవాళ్ళ జ్ఞాపకాలు, మెస్మర్ మాటలు. ఇతిహాసం పాఠంలో మేము చదివిన లిఖిత సాధనాలు, మౌఖిక సాధనాలు అన్న తేడా ఇక్కడ నాకు బాగా అర్థమైంది. చేతిరాత లిఖిత సాధనమే. కానీ స్టూడియో యజమాని ఒక సినిమాలో కొన్ని అక్షరాలు రాసినంత మాత్రాన పదేండ్ల పాటు ఆ పిల్లిని నడిపించింది ఆయనే అని తేలదు. మొదటి గీత ఎవరిదైనా కావచ్చు, చేతులు వెనక కట్టుకున్న ఆ నడక మాత్రం మెస్మర్‌దే అని నేననుకుంటున్నాను.

ఫెలిక్స్ ఎందుకు నల్లగా ఉన్నాడు? ఒక కారణం పనికి సంబంధించింది. ఒళ్ళంతా నలుపు నింపేస్తే లోపల గీతలు వేయక్కర్లేదు, తెల్లటి తెర మీద కదలిక బాగా కనపడుతుంది. వారం వారం పని తెమలాలంటే ఇది సులువు. ఇంకో కారణాన్ని చరిత్రకారులు ఈమధ్య ఎక్కువగా చెప్తున్నారు, అది చేదుగా ఉంటుంది. ఆ రోజుల్లో అమెరికాలో తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకొని, చేతులకు తెల్ల తొడుగులు వేసుకొని, నల్లజాతివాళ్ళను వెక్కిరిస్తూ నాటకాలు ఆడేవారు. నల్లటి ముఖం, పెద్ద తెల్లకళ్ళు, వెడల్పు నోరు ఉన్న కార్టూన్ జంతువుల మీద ఆ నాటకాల నీడ ఉందని అంటున్నారు. క్రేజీని గీసిన హెరిమన్ సంగతి తెలిశాక నాకు అది నిజమే అనిపించింది. ఆయన బతికినంతకాలం తెల్లవాడిగానే చెలామణి అయ్యాడు. ఆయన చనిపోయిన చాలా ఏండ్లకు, 1971లో, పుట్టిన ధ్రువపత్రం బయటపడింది. అందులో నల్లజాతి కుటుంబం అని ఉంది. ఆ సంగతి బయటికి తెలిస్తే అప్పట్లో ఆయన ఉద్యోగం ఏమయ్యేదో! నల్లపిల్లి తెల్ల ఎలుకను ప్రేమించడం, తలకు ఇటుక దెబ్బ తినడం ఇంతకుముందు నాకు నవ్వు తెప్పించింది. ఇప్పుడు ఆ బొమ్మలు చూస్తే నవ్వుతో పాటు ఇంకేదో కలుగుతోంది.

నాలుగోది కుందేలు ఆస్వాల్డ్. దీనికి ముందు కథ చిన్నగా చెప్తాను. మార్గరెట్ వింక్లర్ అనే ఆవిడ ఫెలిక్స్ సినిమాలను థియేటర్లకు పంపిణీ చేసేది. కార్టూన్ల వ్యాపారంలో ఆ స్థాయికి వచ్చిన మొదటి మహిళ. ఆవిడకే వాల్ట్ డిస్నీ అనే కుర్రవాడు "ఆలిస్" సినిమాలు తీసి ఇచ్చాడు. అందులో జూలియస్ అనే పిల్లి ఉంటుంది. అచ్చం ఫెలిక్స్‌లాగే ఉంటుంది, దాని గురించి వేరే చెప్పేదేమీ లేదు. పెళ్ళయ్యాక వింక్లర్ వ్యాపారం భర్త చార్ల్స్ మింట్జ్ చేతికి పోయింది. అప్పటికి పిల్లులు మరీ ఎక్కువైపోయినయ్. అందుకని 1927లో యూనివర్సల్ కంపెనీ కోసం డిస్నీ, ఆయన స్నేహితుడు అబ్ ఐవర్క్స్ కలిసి కుందేలును తెచ్చారు.

1927 సెప్టెంబర్‌లో వచ్చిన "ట్రాలీ ట్రబుల్స్"లో ఆస్వాల్డ్ ట్రామ్ బండి డ్రైవర్. పట్టాల మీద ఆవు అడ్డం నిలబడితే బండి దాని పొట్ట కిందుగా దూరిపోతుంది. భయం వేసినప్పుడు ఆస్వాల్డ్ తన కాలు తానే ఊడదీసి ఒంటికి రుద్దుకుంటాడు, కుందేలు పాదం అదృష్టమని అక్కడివాళ్ళ నమ్మకం. ఇక్కడ ఫెలిక్స్‌కూ ఆస్వాల్డ్‌కూ తేడా తెలుస్తుంది. ఫెలిక్స్ తోక తీసే ముందు ఆలోచిస్తాడు, తోకను ఒక పనిముట్టు చేస్తాడు. ఆస్వాల్డ్ ఆలోచించడు, వాడి ఒళ్ళే రబ్బరు. భయమైనా సంతోషమైనా ముందు శరీరానికి వస్తుంది. చెల్లెకు ఆస్వాల్డ్ ఎక్కువ నచ్చాడు. నాకు ఫెలిక్సే. మంచి బొమ్మ ఆస్వాల్డ్‌దే, ఒప్పుకుంటాను, గీత మెత్తగా గుండ్రంగా ఉంటుంది. కానీ తర్వాత ఏం చేస్తాడో చూద్దాం అని నేను ఎదురుచూసింది ఫెలిక్స్ కోసమే.

ఈ నలుగురిలో అడవి జంతువు ఒక్కటి కూడా లేదని గమనించారా? గర్టీ అయితే లోకంలోనే లేదు. మిగతావి పిల్లి, ఎలుక, కుందేలు, కుక్క. పట్నంలో ఇంటి చుట్టూ తిరిగేవి, మనిషి అలవాట్లు అంటించడానికి వీలైనవి. మా తుకుం మీదుగా పోయే రోడ్డు తాడోబాకు పోతుంది, మాకు జంతువంటే మొదట గుర్తొచ్చేది పులి. మూగ కార్టూన్లలో పులి పేరు తెచ్చుకోలేదు. పులి చేతులు వెనక కట్టుకొని ఆలోచిస్తే ఎవరూ నమ్మరేమో.

1928 మొదట్లో డిస్నీ న్యూయార్క్ వెళ్ళి, సినిమాకు ఇచ్చే డబ్బు పెంచమని మింట్జ్‌ను అడిగాడు. మింట్జ్ తగ్గిస్తానన్నాడు. అప్పటికే డిస్నీ దగ్గర బొమ్మలు గీసేవాళ్ళలో చాలామందిని తనవైపు తిప్పుకున్నాడు. కుందేలు ఎవరిదని కాగితాలు చూస్తే యూనివర్సల్‌ది. 26 సినిమాలు చేసినవాళ్ళకు ఆస్వాల్డ్ మీద ఏ హక్కూ లేదు. ఐవర్క్స్ మాత్రం డిస్నీతోనే ఉండిపోయాడు. వాళ్ళిద్దరూ కలిసి ఎలుకను తయారు చేశారు. అదే మిక్కీ. ఆస్వాల్డ్ పొడుగు చెవులు తీసేసి గుండ్రటి చెవులు పెడితే మిక్కీకి చాలా దగ్గరికి వస్తుంది, కావాలంటే గీసి చూడండి. మిక్కీ మొదటి సినిమా "ప్లేన్ క్రేజీ" కూడా మూగదే. 1928 మే నెలలో వేసి చూపిస్తే కొనేవాళ్ళు రాలేదు. నవంబర్ 18న "స్టీమ్‌బోట్ విల్లీ" ఈలలతో, పాటలతో వచ్చింది. దాని టైటిల్‌లో డిస్నీ పేరు కింద ఐవర్క్స్ పేరు కూడా వేశారు. మెస్మర్‌కు ఆ పాటి కూడా జరగలేదు.

ఆస్వాల్డ్ 2006లో డిస్నీ కంపెనీకి తిరిగి వచ్చాడు. దానికి బదులుగా వాళ్ళు ఒక క్రీడా వ్యాఖ్యాతను ఇంకో సంస్థకు వదిలేశారు. మనిషిని ఇచ్చి కుందేలును తెచ్చుకున్నారన్నమాట. 26 సినిమాల్లో కొన్ని పోయినయ్. "హంగ్రీ హోబోస్" అనేది 2011లో, "స్లీ బెల్స్" అనేది 2015లో బ్రిటన్‌లోని ఆర్కైవ్‌లలో దొరికినయ్.

ఫెలిక్స్ మాత్రం శబ్దం వచ్చాక నిలబడలేదు. సలివన్ మాట్లాడే సినిమాలకు మారడానికి ఆలస్యం చేశాడు. తర్వాత చప్పుళ్ళు కలిపి కొన్ని విడుదల చేశారు గాని అవి నడవలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1920ల చివర, న్యూయార్క్‌లో టెలివిజన్ ప్రయోగాలు చేస్తున్న ఇంజనీర్లకు కెమెరా ముందు పెట్టడానికి ఒక వస్తువు కావలసి వచ్చింది. దీపాల వేడికి మనిషి గంటల తరబడి నిలబడలేడు. నలుపు, తెలుపు స్పష్టంగా ఉండాలి. వాళ్ళు కాగితపు గుజ్జుతో చేసిన ఫెలిక్స్ బొమ్మను తెచ్చి, గ్రామఫోన్ పళ్ళెం లాంటి దాని మీద నిలబెట్టారు. బొమ్మ గుండ్రంగా తిరుగుతూ ఉండేది. అవతల చిన్న తెర మీద 60 గీతల్లో మసకగా దాని ముఖం కనిపించేది, మాట లేకుండానే.